సలోమమ్మ, ఆమె బక్కమ్మ, నేను రాయని సగం

సలోమమ్మ పోయింది. పోయిన ఆదివారం పొద్దున ఆమె అక్క కూతురు రూతమ్మ ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను నమ్మలేదు. "మొన్న బుధవారమే కదా నాతో మాట్లాడింది" అన్నాను, బుధవారం మాట్లాడినవాళ్లు ఆదివారం చనిపోకూడదని ఎక్కడో చట్టం ఉన్నట్టు. గుండె ఆగిందట. లేచి వాకిలి ఊడ్చి, చీపురు గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని అలాగే ఒరిగిపోయిందట. ఎందరి మంచాల పక్కనో కూర్చున్న మనిషి, తన వంతు వచ్చేసరికి పక్కన ఎవరూ లేకుండానే వెళ్లిపోయింది.

ఈ పత్రిక పాఠకులకు ఆమె పేరు తెలియదు. కానీ ఆమె తెలుసు. రెండేళ్ల కిందట ఇదే పత్రికలో నేను "చావును కొలిచే నర్సమ్మ" అని ఒక వ్యాసం రాశాను. చాలామంది మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. అందులోని మనిషి సలోమమ్మ. నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ అది సగం. మిగతా సగం రాస్తానని ఆమెకు మాటిచ్చాను. ఆమె బతికుండగా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా అమ్మ చివరి మూడు నెలలు కర్నూలులో మా ఇంట్లోనే గడిచాయి. పక్షవాతం. మనిషి కావాలని అడిగితే, తెలిసిన డాక్టరు సలోమమ్మను పంపాడు. ఆమెకు నర్సు చదువు లేదు. కడపలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరి, చూసి నేర్చుకున్న పని. తర్వాత కువైట్‌కు పోయింది. తిరిగొచ్చాక నందికొట్కూరు దగ్గరి తన పల్లెలో ఉంటూ, పోయే ప్రాణం ఉన్న ఇళ్లకు పిలిస్తే వెళ్లేది. మంచంలో ఉన్నవాళ్లకు పుండ్లు పడకుండా పక్క మార్చడంలో ఆమెలాంటి చేయి నేను చూడలేదు. మా అమ్మను పసిబిడ్డను తిప్పినట్టు తిప్పేది. తిప్పే ముందు ప్రతిసారీ, "అవ్వా, తిప్పుతాండా" అని చెప్పేది. అమ్మకు తెలివి లేని రోజుల్లో కూడా చెప్పేది. ఎందుకని అడిగితే, "అడక్కుండా ఎవురినీ ముట్టుకోగూడదు గదా అయివోరా" అంది. మా వైపు బడిపంతులును అలాగే పిలుస్తారు.

మూడో రోజో నాలుగో రోజో గమనించాను. అమ్మ తలాపున కిటికీలో ఒక స్టీలు గ్లాసుతో నీళ్లు. అమ్మ మింగలేదు, ట్యూబుతోనే ఆహారం. ఆ నీళ్లెవరికి? పొద్దున్నే సలోమమ్మ ఆ గ్లాసు తీసి పెరట్లో కరివేపాకు చెట్టుకు పోసి, కడిగి, మళ్లీ నింపి పెట్టేది. గ్లాసు వెనుక ఒక చిన్న పటం, అరచేయంత కార్డు. దాని మీద ఎముకల గూడు. తల మీదుగా పెళ్లికూతురి ముసుగు, ఒక చేతిలో తక్కెడ, ఇంకో చేతిలో భూగోళం. యాభై ఏళ్లుగా తాయెత్తులతో, విభూతితో, మహిమల నూనెలతో పోట్లాడుతున్నవాణ్ని. ఇలాంటిది మాత్రం నేనూ చూడలేదు.

అది మెక్సికో దేశపు దేవత. అక్కడి జనం ఆమెను పరిశుద్ధ మరణం అంటారు. ఆ దేశపు చర్చి ఆమెను ఒప్పుకోదు. ఒప్పుకోకపోయినా బీదవాళ్లు, జైళ్లలో ఉన్నవాళ్లు, రాత్రి టాక్సీలు నడిపేవాళ్లు ఆమెకు మొక్కుతారు. చావు ధనికుణ్నీ పేదనూ ఒకేలా చూస్తుంది కాబట్టి ఆమె ఎవరినీ తోసిపుచ్చదని వాళ్ల నమ్మకం. ముద్దుగా సన్నటి తల్లి అని పిలుస్తారట. సలోమమ్మ ఆ పేరును మన మాటలో పెట్టుకుంది: బక్కమ్మ.

మా అమ్మకు మాట ఇంకా పూర్తిగా పోని రోజుల్లో ఆ పటం చూసింది. ఆలూరు దగ్గరి మెట్ట పల్లెలో పుట్టిన మనిషి, కరువులు చూసిన మనిషి. ముద్ద ముద్దగా పలుకుతూ అడిగింది, "ఎవురే ఈమె, ఇంత బక్కగుండాది? అన్నం పెట్టేవాళ్లు లేరా?" సలోమమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మకు ఒంటిమిట్ట రాముడంటే ప్రాణం. ఆ రాముణ్ని నేను ఇంట్లో జీవితమంతా ఎగతాళి చేశాను. ఆ రోజు అమ్మ నావైపు చూసి, "ఈమెను గూడా కూర్చోనీలే. ఇంట్లో జాగా ఉండాది" అంది. అది అమ్మ స్పష్టంగా అన్న చివరి మాటల్లో ఒకటి.

సలోమమ్మ చేసే ప్రార్థన నాకు నోటికొచ్చింది, రోజూ వినబడేది కాబట్టి. "తల్లీ బక్కమ్మా, వచ్చేదుంటే రా. తొందరపడొద్దు. నొప్పి పెట్టొద్దు. ఒంటిగా ఉన్నప్పుడు రావొద్దు. అంతవరకు కాపాడు." అంతే. నయం చేయమని ఒక్కనాడూ అడగలేదు.

నేను ఊరుకునే రకం కాదు. అమ్మ నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం వాదానికి దిగాను. చర్చికి పోయే మనిషివి, ఈ ఎముకలకు మొక్కడమేమిటని అడిగాను. ఆమె చెప్పింది, "సిలువ కాడ యేసయ్యను ఇడిసిపెట్టి అందురూ పరిగెత్తినారు అయివోరా. మిగిలినోళ్లు దూరంగా నిలబడి ఏడిసినారు. ఆయప్ప పక్కనే కడదాకా ఉండింది ఈమె ఒక్కతే."

అప్పుడే ఆమె కథ బయటపడింది. కువైట్‌లో ఆమె పనిచేసింది మెక్సికో నుంచి వచ్చిన ఒక చమురు ఇంజనీరు ఇంట్లో. మంచాన పడిన ఆయన తల్లిని చూసుకోవడం పని. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. కొన్ని ఇంగ్లీషు ముక్కలు, మిగతా అంతా చేతులు. ఆ ముసలామె, మనవాళ్లు బీరువాలో చీరల మధ్య దాచినట్టు, బట్టల మధ్య ఈ పటాన్ని దాచుకుని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి నీళ్లు పెట్టించేది. చావు చాలా దూరం నుంచి నడిచొస్తుంది, దాహంతో వస్తుంది అని ఆమె నమ్మకం. అంత ఎండల్లో దాహమంటే ఏమిటో మన సీమ మనిషికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లోనే ఇక్కడ సలోమమ్మ భర్త ఏసురత్నం పోయాడు. బండల గనుల్లో పనిచేసి ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిన మనిషి. ఆసుపత్రి వార్డులో, పక్కన ఎవరూ లేనప్పుడు ప్రాణం పోయింది. వీసా కాగితాలు చిక్కుబడి ఆమె రాలేకపోయింది. ఊళ్లో చర్చి సమాధుల తోటలో అతన్ని పూడ్చి వచ్చినట్టు ఫోనులో విన్నది. ఆ రోజు ఆ ముసలామె పటం తీసి సలోమమ్మ చేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు చూపించి, ఖాళీ కుర్చీని చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకుందట. నీ మనిషి ఒంటరిగా లేడు, ఈమె కూర్చుంది అని. సలోమమ్మకు అలా అర్థమైంది. ముసలామె ఆ పటాన్ని ఆమెకే ఇచ్చేసింది.

ఇక్కడ నా నోటి సంగతి రాయాలి. నేను అన్నాను, "సలోమమ్మా, నీ మొగుడి పక్కన ఎవరూ లేరు. అదే నిజం. మిగతాది నువ్వు చెప్పుకున్న కథ." ఆమె లేచి, పొద్దున్నే నింపిన గ్లాసు నీళ్లు తీసుకెళ్లి కరివేపాకు చెట్టుకు పోసి వచ్చింది. వచ్చాక నెమ్మదిగా అంది, "మీరు చెప్పింది నిజమే ఉండొచ్చు. ఆ నిజం పెట్టుకొని నేను ఇంకొకరి కాడ కూర్చోలేను." మళ్లీ గ్లాసు నింపి పెట్టి, అమ్మ పక్క మార్చింది.

ఆమె మూఢురాలు అనుకునేవారికి ఇంకొక సంగతి. కర్నూలులో ఒక ఇంట్లో కిడ్నీ రోగికి స్వస్థత ప్రార్థన చేస్తానని ఒక బోధకుడు వచ్చి, విశ్వాసముంటే మాత్రలు మానేయమన్నాడు. ఇంటివాళ్లు తటపటాయిస్తున్నారు. సలోమమ్మ ఆయన ముందే మాత్రలు చేతిలో పోసుకుని, "ప్రార్థన మీరు చెయ్యండన్నా, మాత్ర నేనేస్తా. యాది పనిచేసినా మనకే మంచిది" అందట. ఆయన మళ్లీ ఆ ఇంటికి రాలేదు. నా ఉపన్యాసాలన్నీ కలిపి అంత చక్కగా ఒక్క బోధకుణ్ని సాగనంపలేదు.

ఇవేవీ నా వ్యాసంలో లేవు. యువకులకు వాదన నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది ఒక్కటే. ఎదుటివాడి పక్షాన్ని వాడికంటే బలంగా, పూర్తిగా చెప్పు, ఆ తర్వాతే ఖండించు. పూర్వపక్షం లేని ఖండన తిట్టుతో సమానం. అలా నేర్పినవాణ్నే, ఆమె చెప్పిన కారణం, ఆమె వేసిన మాత్ర, నేనన్న మాట, మూడూ వదిలేశాను. అవి పెడితే వ్యాసం పదును తగ్గుతుంది. ఎముకల గూడు, నీళ్ల గ్లాసు, చావును పిలిచే ఆయా, అంతే ఉంచాను. పేరు రాయలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను. కువైట్ నుంచి వచ్చి, రోగుల దగ్గర కూర్చునే, నందికొట్కూరు వైపు క్రైస్తవ స్త్రీ అని రాశాను. అలాంటివాళ్లు ఎందరుంటారు?

ఎవరో ఆ పేజీని ఫోటో తీసి వాళ్ల చర్చి సంఘం వాట్సాప్‌లో పెట్టారు. సంఘ పెద్దలు ఆమెను పిలిచి అడిగారు. ఆమె అబద్ధమాడలేదు. పటం పారేయమన్నారు. పారేయలేదు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల దగ్గరికి రావద్దన్నారు. ఆమె చర్చి మానలేదు. వెనక వరసలో కూర్చుని, బల్ల వేళకు లేచి బయటికి వచ్చేది. దానికంటే పెద్ద భయం ఒకటి ఆమెకు పట్టుకుంది. సంఘంలో లేని మనిషికి సమాధుల తోటలో చోటుండదు. భర్త పోయేటప్పుడు పక్కన లేని మనిషి, కనీసం తర్వాతైనా అతని పక్కన ఉండాలని చోటు చూసుకుని పెట్టుకుంది.

మా ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పింది. కోపం లేదు. "మీరు రాసింది అబద్ధం కాదు అయివోరా. సగం రాసినారు. ఆ మిగతాది గూడా రాయండి, పెద్దలు సదువుకుంటారు." రాస్తానన్నాను. రెండేళ్లు రాస్తూనే ఉన్నాను. తప్పును ఒప్పుకునే వ్యాసానికి మొదటి వాక్యం దొరకలేదు. ఫోన్ చేసినప్పుడల్లా, "యాడిదాకా వచ్చినాది?" అని అడిగేది. బుధవారం కూడా అడిగింది.

ఆదివారం నేను పల్లె చేరేసరికి చర్చి గోడ పక్కన పెద్దలు నిలబడి ఉన్నారు. గుంత ఇంకా తవ్వలేదు. వాగు ఒడ్డున ఊరి స్థలంలో పెట్టుకోండి, తోటలో కుదరదు అని సంఘ పెద్ద దేవదానం రూతమ్మతో అంటున్నాడు. పాస్టరు చిన్నవాడు, పెద్దలకు ఎదురు చెప్పలేడు. నాస్తికుణ్ని, చర్చి గేటు దగ్గర నిలబడి, మాట్లాడవచ్చా అని అడిగాను. ఆ వ్యాసం రాసింది నేనేనని, అందులో దాచినవి ఇవీ అని, పైన రాసినవన్నీ చెప్పాను. ఏసురత్నం గురించి నేనన్న మాట కూడా చెప్పాను.

"రాసేటప్పుడు ఇవన్నీ తెలీదా సార్?" అని దేవదానం అడిగాడు.

"తెలుసు. తెలిసే వదిలేశాను."

ఆయన దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు. "మా నాయన కాడ గూడా పెట్టినాదా ఆ గ్లాసు?" ఆయన తండ్రి చివరి రోజుల్లోనూ సలోమమ్మే కూర్చుంది.

అందరి దగ్గరా పెట్టేదని చెప్పాను.

"ఆ నీళ్లు దినామూ నేనే తెచ్చిచ్చినా," అన్నాడాయన. "మా నాయనకనుకున్యా." కండువా తీసి గేటు మీద వేశాడు. "గడ్డపార యాడ ఉండాదప్పా?"

మొదటి దెబ్బ ఆయనే వేశాడు. సలోమమ్మ ఇప్పుడు ఏసురత్నం పక్కన ఉంది. పటాన్ని శవపేటికలో పెట్టాలా వద్దా అని గొడవ కూడా రాలేదు. రూతమ్మతో ఆమె ముందే చెప్పి ఉంచిందట, బక్కమ్మ వచ్చి తనను తీసుకపోయినాక ఇంక పటంతో ఏం పని, అది అయివారికి ఇవ్వమని.

ఉపన్యాసాల్లో చూపించడానికి నా దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. దాని నిండా తాయెత్తులు, యంత్రాలు, రంగుదారాలు. ఆ పటాన్ని అందులో వేయలేదు. అమ్మ కళ్లద్దాలు ఉన్న సొరుగులో పెట్టాను. బక్కమ్మ ఉందని నేను నమ్మను. ఏసురత్నం చివరి ఘడియలో పక్కన ఎవరూ లేరన్నది ఇప్పటికీ నిజమే. కానీ ఆ నిజాన్ని తెలుసుకుని నేనెవరి పక్కనా కూర్చోలేదు. ఆ నిజానికి బదులు తన కథను పెట్టుకుని ఆమె మిగిలిన జీవితమంతా కూర్చుంది.

బుధవారం ఫోన్ పెట్టేసే ముందు సరదాకు అన్నాను, నా వంతు వచ్చినప్పుడు నువ్వే రావాలి, కానీ ఆ నీళ్ల గ్లాసు మాత్రం నా దగ్గర పెట్టొద్దు అని.

"పెడతా," అంది సలోమమ్మ. "మీకు ఇష్టం లేకుంటే తాగేయండి అయివోరా."

అమ్మ పోయినప్పటి నుంచి, నా మంచం పక్కన కూర్చునేది ఆమేనని లోలోపల అనుకుని నిశ్చింతగా ఉన్నాను. డెబ్బై ఆరేళ్ల నాకు ఇప్పుడు గ్లాసు పెట్టే మనిషి లేదు. వద్దని పోట్లాడడానికీ లేదు.