తీసుకునేటామె మాట

మా మహిళా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా అప్పు వాయిదా తప్పితే మిగతా ఆడవాళ్లంతా వెళ్లి ఆమె గడప ముందు కూర్చుంటారు. తిట్టరు, అరవరు. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు. డబ్బు చేతిలో పడ్డాకే లేస్తారు. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేటప్పుడు ఒకసారి మా గడప ముందు అలాగే కూర్చున్నారు. నేను మహబూబ్‌నగర్‌లో హాస్టల్లో ఉన్నాను, నాకేమీ తెలియదు. సెలవులకు ఇంటికొస్తే అమ్మ చెవులకు కమ్మలు లేవు. ఏవమ్మా అంటే, బరువైతున్నయని తీసేసిన అంది. చేతిలో పెట్టుకుంటే ఉన్నాయో లేవో తెలియనంత తేలికైన కమ్మలవి.

ఆ చదువు కోసం అమ్మ సంఘంలో తీసుకున్న అప్పు తీరేసరికి నా తల నెరవడం మొదలైంది. పెళ్లయింది, నిలవలేదు, మళ్లీ అమ్మ దగ్గరికే వచ్చాను. కల్వకుర్తిలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ఏళ్ల తరబడి జనం రక్తం తీశాను. నా జీతంలో సగం, అమ్మ కూలి డబ్బుల్లో కొంత దానికే పోయేవి. ఆఖరి వాయిదా కట్టిన రోజు అమ్మ కోడిని కోసింది. ఆ కూర రుచి మరువకముందే నేను మళ్లీ చదువుతానన్నాను, ఈసారి నర్సింగ్. అమ్మ నా వైపు చూసిన చూపుకు, నాకంటే ఆ కోడి పనే నయమనిపించింది.

ఊరికే పుట్టిన బుద్ధి కాదది. ఒకరోజు కడుపుతో ఉన్న పిల్ల ఒకతె రక్త పరీక్షకు వచ్చింది. కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయి ఉంది. రిపోర్టు చూస్తే ఒంట్లో రక్తమే లేదు. మా ల్యాబ్‌లో రిపోర్టు కవర్లో పెట్టి ఇవ్వాలి, నోరు తెరవకూడదు. ఆ పిల్ల కవరు సంచిలో పెట్టుకుని ఊరి బస్సుకు బయల్దేరింది. ఆగలేక, "ఇంటికి పోకు బిడ్డా, సక్కగ పెద్ద దవాఖానకు పో" అన్నాను. మా ఓనరు అందరి ముందూ కడిగేశాడు. "రక్తం తీసుడు నీ పని. చెప్పుడు నీ పని గాదు." ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు అంత ఒళ్లు మండింది. మనుషులను సీసాల్లో చూసీ చూసీ విసుగొచ్చింది. వాళ్ల మంచం పక్కన నిలబడాలనిపించింది.

కానీ వయసు దాటితే నర్సింగ్ సీటివ్వరు. నాకు ఆ ఏడాదే ఆఖరు. చదివినన్నాళ్లూ జీతం ఉండదు, పైగా ఫీజు. బ్యాంకుకు వెళితే జామీను అడిగారు. మాకు గుంట భూమి కూడా లేదు. ఇక మిగిలింది సంఘమే.

ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘం ఆడవాళ్లంతా చర్చి అరుగు మీద కూర్చున్నారు. అప్పు అడిగినప్పుడు ఒక్కొక్కరూ వరసగా సరే అనో వద్దు అనో చెప్పాలి. ఒక్కరు వద్దన్నా అప్పు లేదు. తీసుకునే మనిషిని మాత్రం అడగరు, ఎవరైనా తనకు వద్దంటుందా అని. అప్పు అమ్మ పేరు మీదే రావాలి. నేను సంఘంలో లేను కాబట్టి మెట్ల మీద కూర్చుని గోళ్లు కొరుక్కున్నాను.

"ఉన్న నౌకరి ఇడిసిపెట్టి గీ వయసుల బడికి పోతదా?" అందొకామె. కొందరు నవ్వారు.

"నవ్వుడు కాదు, జర ఆలోచించుర్రి. మధ్యల ఆగమైతే కట్టేది మనమే" అంది ఇంకొకామె.

అయినా ఒకరి తర్వాత ఒకరు సరే అన్నారు, కొందరు నీళ్లు నమిలి మరీ అన్నారు. చివరికి పెద్దమ్మ మిగిలింది. వరసకు పెద్దమ్మ కాదు, మా వాడలో అందరికంటే వయసులో పెద్దది కాబట్టి అందరికీ పెద్దమ్మే. ఆనాడు మా గడప ముందు మొదట కూర్చున్నది ఆమేనట. ఆమె నోరు తెరిచేలోపే అమ్మ అంది, "వద్దు."

అందరూ అమ్మ వైపు తిరిగారు.

"నాకు భయమైతాంది. మీరు మల్ల నా గడపల కూసుంటే నేను బతక."

నేను లేచి నిలబడ్డాను. కన్నతల్లే నన్ను ముంచింది అనుకున్నాను. ఆ నిమిషంలో అమ్మ మీద వచ్చిన కోపం ఇంకెవరి మీదా రాలేదు నాకు.

పెద్దమ్మ నోట్లోని ఆకు ఒక పక్కకు నెట్టి, "తీసుకునేటామె మాట లెక్కల రాదు" అంది. "గా కట్టుబాటు మనం పెట్టుకున్నదే."

"గది సరే అన్నోళ్లకు" అంది అమ్మ.

"సరే అన్నా గంతే, వద్దన్నా గంతే. నాది సరే."

అప్పు వచ్చింది. పెద్దమ్మ పుస్తకం ముందుకు జరిపితే, అమ్మ నా వైపు చూడకుండా సంతకం పెట్టింది.

ఇంటికి చేరాం. తాళం తీయకుండా అమ్మ గడప ముందు కూలబడింది. నన్నూ కూర్చోమంది.

"సదువుకో బిడ్డా, నేనేం అడ్డం రాను. గని ఒకటి యాదికుంచుకో. నువ్వు మధ్యల ఇడిసిపెట్టి వస్తే ఆళ్లొస్తరు. అప్పుడు నేను ఇంట్ల ఉండ. ఆళ్ల పక్కకే గిట్ల కూసుంట. నీ చేతుల మంచినీళ్లు గూడ ముట్ట."

బెదిరించడానికి అన్న మాట కాదది. మా అమ్మకు బెదిరించడం రాదు.

ఇప్పుడు నల్గొండలో రెండో ఏడు చదువుతున్నాను. క్లాసులో పిల్లలు నన్ను ఆంటీ అంటారు, పుస్తకం పట్టుకుంటే నాకు కళ్లు లాగుతాయి. రేపేమవుతుందో నాకు తెలియదు, ఉద్యోగం వస్తుందని ఎవరూ రాసివ్వలేదు. కొన్ని రోజులు వార్డులో నిలబడి నిలబడి, చాలు, బస్సెక్కి ఇంటికి పోదామనిపిస్తుంది. మా గడప గుర్తొస్తుంది. అందరూ వరసగా కూర్చుని ఉంటారు, పెద్దమ్మ పక్కన అమ్మ, బోసి చెవులతో. మళ్లీ వార్డులోకి వెళ్తాను.