గట్టుకి పడమటి పక్క

కార్తీకంలో బిలాస్‌పూర్‌కి ముసురు పట్టిందంటే మా రైల్వే క్వార్టర్లలో ఎవరూ వాన గురించి మాట్లాడరు, సముద్రం గురించి మాట్లాడతారు. సముద్రం మాకు ఒక పగలూ ఒక రాత్రీ రైలు దూరం. అయినా అక్కడ గాలి తిరిగితే దాని తోక వచ్చి మా పెంకుల మీద పడుతుంది. పక్కనున్న బిల్హా రైతులు పనల మీదున్న వరి తడిసిపోతోందని ఆకాశాన్ని తిడుతూ లోకల్ బండి దిగుతారు. మావాళ్ళు తిట్టరు. తాతలనాడు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పట్టాల పనికొచ్చినవాళ్ళం. సగం చుట్టాలు ఇంకా అక్కడే ఉన్నారు.

తొంభైల్లో అలాంటి ఒక ముసురులో, తీరం పక్క లైను తెగిందని, మా గ్యాంగు బయల్దేరాలని కబురొచ్చింది. గ్యాంగుకి మేస్త్రీ మా అక్క మొగుడు, మా బావ. నాకు అందులో గడ్డపారతో కన్నా నోటితో ఎక్కువ పనిచేసేవాణ్ణని పేరు.

రాళ్ళూ, పట్టాల కింద వేసే స్లీపర్లూ నింపిన బండికి వెనకపెట్టె మాది. రాయపూర్ దాటేదాకా నేను నోరు మూయలేదు. రతన్‌పూర్ బస్సు మీదున్న మేకని గాలి ఎత్తుకుపోయి తఖత్‌పూర్ బస్సు మీద దింపిందని, అక్కడి కండక్టరు దానికి టికెట్టు కొట్టాడని చెప్పాను. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

"ఏటి బావా, మేక టికెట్టు నీ నెత్తిన పడిందేటి?"

"నోరు ముయ్యిరా. ఆ ఇల్లు అక్కడ కట్టుకోమన్నది నానే."

అతని చెల్లెలి ఇంటి సంగతది. ఆమె అత్తవారి ఊరు సముద్రానికి దగ్గర. కొత్తిల్లు కట్టుకుంటామంటే బావ సెలవు పెట్టి మరీ వెళ్ళి, రైలుగట్టుకి పడమటి పక్క జాగా చూపించాడు. సముద్రం తూర్పున, మధ్యలో రెండు నిలువుల గట్టు. ఎంత ఉప్పెనొచ్చినా గట్టు దాటి నీ గుమ్మం తొక్కదని చెల్లెలికి భరోసా ఇచ్చాడు. రైలుగట్టు మీద మాకున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు.

తీరా చేరాక చూస్తే, సముద్రం గట్టు దాకా రానేలేదు. కొండల్లో కురిసిన వానకి ఏరు పొంగి, నీరు పడమటి నుంచి వచ్చింది. అది సముద్రంలోకి పోకుండా గట్టే అడ్డం పడింది. కూలిన చెట్లూ గడ్డివాములూ కొట్టుకొచ్చి తూములకి అడ్డుపడ్డాయి. ఊరు చెరువయింది, మా గట్టు దానికి కట్టయింది. చివరికి ఒకచోట గట్టు తెగి, ఆ గండిలోంచి నీరు సుళ్ళు తిరుగుతూ తూర్పుకి పోతోంది. గండి మీద పట్టాలు బట్టలారేసే తీగలా వేలాడుతున్నాయి.

మిగిలిన ఊరంతా గట్టు మీదే ఉంది. మనుషులు, గొడ్లు, పాములు. ఎవరూ ఎవరి జోలికీ పోవడం లేదు. బావ చెల్లెలు బిడ్డని ఒళ్ళో పెట్టుకుని పట్టా మీద కూచుంది. మమ్మల్ని చూసి పడమటికి చెయ్యి చూపింది. నీళ్ళ మీద ఒక గడ్డికప్పు, బోర్లించిన గంపలా ఉంది.

"మా ఇంటాయన అటక మీదున్నాడన్నా. ఆళ్ళమ్మని దింపడానికెల్లాడు."

"పిలిస్తే పలుకుతున్నాడా?"

"నిన్న పలికాడు."

పక్కనున్న ముసలమ్మ మొహం తిప్పేసుకుంది.

అరటిబోదెల తెప్ప మీద ఇద్దరు కుర్రాళ్ళు అటు వెళ్ళబోతే, గండి లాగేసింది. బతికి ఒడ్డున పడడమే ఎక్కువ. నీరు దిగితే తప్ప ఆ ఇంటికి దారి లేదు. నీరు దిగడానికి ఉన్న ఒకే దారి ఆ గండి. మేము వచ్చిందే దాన్ని పూడ్చడానికి.

పూడ్చకపోతే మా వెనక ఆగిన బియ్యం బండి కదలదు. అవతలి ఊళ్ళు కూడా ఇలాగే గట్టుల మీద ఆకలితో కూచున్నాయని మా పట్టాల ఇన్‌స్పెక్టరు చెప్పాడు. హిందీవాడు. గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి ఉన్నాడు. గండిని ఇంకాసేపు వదిలెయ్యమని అడగాల్సిన బావ, ఆయన ముందు నిలబడి చెల్లెలి వైపు చూస్తున్నాడు. నేనే అందుకున్నాను.

"ఇలాంటి గండిలో తొందరపడి రాయి పొయ్యకూడదు సార్. మా తాత హయాంలో పోస్తే, పోసిన రాయంతా పాతాళానికి పోయింది. గంపతో పాటు జారిన కూలీ పక్క జిల్లా బావిలో తేలాడు. నోట్లో బీడీ ఆరలేదు. ముందు లోతు చూడాలి."

ఆయన నన్ను చూశాడు, బావని చూశాడు. తర్వాత పడమటి వైపు, ఆ కప్పుని చూశాడు.

"అచ్ఛా," అన్నాడు. "నీ లోతు చూడ్డం ఎప్పటికవుతుంది?"

"పొద్దు కుంకేసరికి సార్."

"ఆ తర్వాత నిమిషం ఆగను. అవతల కూడా పిల్లలున్నారు."

వెదురుగెడ పట్టుకుని, తెలిసిన లోతునే మళ్ళీ మళ్ళీ చూశాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చెయ్యలేదు. పొద్దు వాలేసరికి నీరు గుండెల్లోతుకి దిగింది. సుడి మెత్తబడింది. బావా నేనూ నడుములకి తాళ్ళు కట్టుకుని దిగాం.

మట్టిగోడలు కరిగి, కప్పు అలాగే కిందికి కూచుంది. అటక లేదు. తల్లిని వీపున వేసుకుని పంచెతో కట్టుకున్నాడతను. ముడి నాని బిగుసుకుపోయింది, విప్పడం మా వల్ల కాలేదు. ఇద్దర్నీ కలిపే తెచ్చాం. చితికి గట్టు మీద ఎండుకట్టె ఒక్కటి లేదు. బావ మా బండిలోంచి చెక్క స్లీపర్లు దింపాడు. ఇన్‌స్పెక్టరు చూడనట్టు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. తారు పట్టిన కర్ర, బాగా మండింది.

తర్వాత గండిలో రాళ్ళు పోశాం. ఊరిని ముంచిన గట్టుని మా చేతులతోనే మళ్ళీ నిలబెట్టాం.

పట్టాలు కలిశాక బియ్యం బండిని వదిలారు. గట్టు మీద జనం దిగితేగాని అది రాదు. బావ పచ్చజెండా చంకన పెట్టుకుని, ఎర్రజెండా పట్టుకుని ముందు నడుస్తూ ఒక్కొక్కరినీ దింపుకుంటూ వచ్చాడు. చట్టీలు, మూటలు, మేకలు వాలుకి దిగాయి. చెల్లెలు లేవలేదు.

"దిగమ్మా. బండొస్తోంది."

"ఏ పక్కకి దిగమంటావన్నా?"

బావ జెండాలు నా చేతిలో పెట్టాడు. బిడ్డతో సహా ఆమెని ఎత్తుకుని, అటూ ఇటూ చూసి, తూర్పు వాలు దిగి, మోకాలి లోతు బురదలో నిలబడ్డాడు. నేను పచ్చజెండా ఊపాను. బండి నత్తలా వచ్చింది గాని ఆగలేదు. ఆ బియ్యం అవతలి ఊళ్ళవి.