మూలకు మూడు ఎర్ర కుట్లు

మా పక్కింటి ఖాలా మొన్న మంగళవారం పొద్దున ఆరుంపావుకు కరీంనగర్‌లో తన ఇంట్లోనే చనిపోయింది. వయసు డెబ్బై దాటింది. వారం రోజులుగా జ్వరం. సోమవారం సాయంత్రం దాకా ఆమె కుట్టు మిషను మీద ముసుగు వేయలేదు. కూతురు ఆసిఫాబాద్ నుంచి మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఖననం జరిగింది.

ఆమె ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలరు. వాడకట్టు పిల్లలందరం ఖాలా అని పిలిచేవాళ్లం. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని. బొంత కుట్టడం మా వాడకట్టు ఆడవాళ్లందరికీ ముందే వచ్చు. దాన్ని అమ్ముకోవడం నేర్పింది ఆమె.

మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వ బీడీలు చుట్టేది. 1970ల మొదట్లో ఆమెకు దగ్గు పట్టుకుంది. పొగాకు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. బాపు సంపాదన ఒక్కటే ఇంటికి చాలదు. బీడీల చాట పక్కన పెట్టాలంటే ఇంకో పని కావాలి. అవ్వకు చేతనైన ఇంకో పని పాత చీరలు పొరలుగా పరిచి బొంత కుట్టడం.

“నువ్వు కుట్టు చెల్లె, అమ్ముదం” అంది ఖాలా గోడ అవతలి నుంచి.

“బొంతను ఎవరు కొంటరక్కా? ఎవలింటి బొంత వాళ్లింట్లనే ఉంటది.”

“ఉన్నోళ్లకు ఎందుకమ్ముతం? లేనోళ్లను దేవులాడుదం.”

నలుగురు ఆడవాళ్లు పదకొండు బొంతలు మూటగట్టుకొని చొప్పదండి అంగడికి బస్సెక్కారు. వచ్చినవాళ్లంతా కుట్టు మీద చేయి వేసి మెచ్చుకున్నారు. ఆ తర్వాత అందరూ ఒకటే మాట అడిగారు, ‘ఎవలి బట్టలివి?’ అని. జవాబు వినగానే చేయి తీసేశారు. ముక్కూమొహం తెలియనివాళ్లు కట్టి విడిచిన చీరలు కప్పుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. సాయంత్రానికి పదకొండూ తిరిగి బస్సెక్కాయి.

“గీ మూటలు మోసుడు కన్నా బీడీలే నయం” అంది నలుగురిలో ఒకామె.

“నీ మాటలు మోసుడు ఇంకా బరువున్నది. జర ఊకో, సోంచాయించనియ్యి” అంది ఖాలా.

బస్సు దిగేటప్పుడు తాను గమనించింది చెప్పింది. “కుట్టు చూసి చెయ్యి పెట్టిండ్రు. గుడ్డ సంగతి తెల్వంగనే తీసిండ్రు. రేపటి సంది మనం గుడ్డ అమ్మద్దు. కుట్టు అమ్ముదం.”

మరుసటి వారం దుకాణంలో కొత్త గుడ్డ కొని, తువ్వాలంత బొంత ఒకటి కుట్టించి తన తలుపుకు వేలాడదీసింది. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఏ మనిషీ దాన్ని ముట్టుకోకుండా పోలేదు. ‘మీ ఇంటి చీరలు మీరే తెండి, కుట్టిస్తం’ అని ఖాలా చెప్పేది. మొదట పిల్లల కోసం వచ్చారు, ఆ తర్వాత బాలింతల కోసం. నెల తిరిగేసరికి అవ్వ బీడీల చాటను అటక మీదికి ఎక్కించింది.

బోర్డు పెట్టుకోవచ్చు కదా అని ఎవరో అడిగితే, “బోర్డు నా ఇంటి కాడ్నే ఉంటది. బొంత ఊరూరు తిరుగుతది” అంది. అందుకే ప్రతి బొంతకూ ఒక మూలకు ఎర్రదారంతో మూడు కుట్లు వేయించేది. కొన్నాళ్లకు చుట్టాల ఇళ్లలో బొంత చూసినవాళ్లు ముందు మూల తిప్పి చూడటం మొదలుపెట్టారు.

శుక్రవారానికి అయిపోయే పనిని ఆదివారం ఇస్తామని చెప్పి, శనివారమే కబురు పంపేది. చీరలు తెచ్చినవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం వచ్చేది కాదు. మిగిలిన గుడ్డ పేలికంత ఉన్నా మూటగట్టి ఉంచి, బొంతతో పాటు తిరిగి ఇచ్చేది. కొలత గీసే నీలం సుద్ద వేళ్లకు అంటితే కొంగుకు తుడుచుకునేది. ఆమె చీరలన్నిటికీ కొంగున ఆ నీలం మరక ఉండేది. ఉతికినా పూర్తిగా పోయేది కాదు.

రెండో ఏడాది ఒక టీచరమ్మ చనిపోయిన తన తల్లి చీరలు ఆరు తెచ్చి ఇచ్చింది. కుట్టింది మా అవ్వ. ఆకుపచ్చ చీర కొంగు మసిబారి, అక్కడక్కడ కాలి ఉంది. అవ్వ దాన్ని కత్తిరించి, ఆ జాగాలో తన సొంత పైసలతో కొన్న కొత్త గుడ్డ వేసింది. చాలా శ్రద్ధగా చేసిన పని అది. టీచరమ్మ బొంత విప్పి ఒక్కో మూల వెతికింది.

“ఆకుపచ్చ చీర కొంగేది?”

“మసి పట్టి చీకిపోయిందమ్మా. తీసేసి కొత్తది ఏసిన. దానికేం పైసలియ్యకు.”

“గా కొంగుతోనే మా అమ్మ పొయ్యి మీది గిన్నె దించేది” అంది ఆమె. బొంతను అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

ఆ మాట టీచరమ్మ పనిచేసే బడికీ, అక్కడి నుంచి మిగతా వాడలకూ పాకింది. రెండు వారాల పాటు ఒక్కరూ చీరలు తేలేదు. పదహారో రోజు పొద్దున అవ్వ అటక మీది చాట దించి దుమ్ము దులిపింది. దులుపుతున్నంతసేపూ దగ్గింది. గోడ అవతలి నుంచి ఖాలా చూసింది.

“చెల్లె, ఆ కొంగు పారేసినవా?”

“నువ్వు పారెయ్యనిస్తవా? మిగిలిన గుడ్డల మూటల ఉన్నది.”

“మరి చాటెందుకు దించినవు? కూసో, సూది తియ్యి.”

అవ్వ కొత్త గుడ్డ విప్పేసి, మసి కొంగును మళ్లీ తన జాగాలో కుట్టింది. ఇద్దరూ టీచరమ్మ ఇంటికి నడిచి వెళ్లారు. దారిలో ఖాలా ఒకటే చెప్పింది, “మంచికే చేసినమని అనకు. తప్పయిందని చెప్పి ఊకో.” అవ్వ అలాగే చెప్పింది. టీచరమ్మ బొంత విప్పి కాలిన చోట అరచేయి పెట్టింది. తర్వాత “చాయ్ తాగుతరా?” అని అడిగింది. మరుసటి నెల ఆమె బడి నుంచే ముగ్గురు చీరలు తెచ్చారు. చాట అటకెక్కింది. మళ్లీ దిగలేదు. అప్పటి నుంచి మా వాడకట్టులో మూట విప్పగానే మొదటి మాట, ‘ఏది ముట్టద్దో చెప్పుండ్రి’ అని.

ఎనభైల చివర్లో గుడ్డ మీద బొమ్మలు వేసే ఒక కాలేజీ అమ్మాయి ఖాలా దగ్గరికి వచ్చింది. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

“అందరు మంచిగున్నయంటున్నరు ఖాలా. ఎవ్వరు కొంటలేరు.”

“మంచిగున్నయన్నోళ్లను ఇడిసిపెట్టు. చేతుల పట్టుకొని మళ్ల కింద పెట్టినోళ్లు ఏమన్నరు?”

“వాళ్లనేం అడగలే.”

“అడిగి రా. అడిగినంక నోరు మూసుకొని నిలబడు. అదే కష్టం బిడ్డా.”

విలేకరిగా ఇన్నేళ్లలో నాకు పనికొచ్చిన సలహాల్లో అది ఒకటి. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పడానికి పక్కిల్లే కదా అనుకున్నాను.

ముస్లింల ఇళ్లలో చనిపోయినవాళ్ల బట్టలు పేదలకు ఇచ్చేస్తారు. ఖాలా కూతురు కూడా ఇచ్చేసింది. ఐదు చీరలు మాత్రం ఉంచుకొని, మూటగట్టి గురువారం మా ఇంటికి తెచ్చింది. అవ్వ మూట విప్పింది. అవ్వకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. కొంగులు ఒక్కొక్కటీ వేళ్లతో తడిమింది.

“ఏది ముట్టద్దో చెప్పు బిడ్డా.”

“నీలం మరకలు ఉండనియ్యి చిన్నమ్మా” అంది ఖాలా కూతురు.

చొప్పదండికి బస్సెక్కిన నలుగురిలో ఇద్దరే మిగిలారు. ఈ ఆదివారం పది గంటలకు ఖాలా వరండాలో చాప పరుస్తారు. నలభయ్యో రోజు ప్రార్థనలకు బొంత కూతురి చేతికి అందాలి. మరకలున్న కొంగులు పై పొరలో వస్తాయి. మూలకు మూడు ఎర్ర కుట్లు అవ్వ వేస్తుంది. సూదిలోకి దారం మాత్రం ఇంకొకరు ఎక్కించి ఇవ్వాలి. ఇన్నాళ్లూ ఆ పని ఖాలా చేసేది.