వాల్ట్జ్ మధ్యలో దణ్ణాలు

2007. ఏలూరు పవర్‌పేటలో ఒక ట్యూషన్ సెంటరు పైన పొడవాటి హాలు. శని, ఆదివారాల సాయంత్రాలు అక్కడ నేను పెద్దవాళ్లకి పాతకాలపు జంట నృత్యాలు నేర్పేదాన్ని. ఇలాంటి ఉద్యోగం ఒకటుందంటే ఇప్పటికీ కొందరు నమ్మరు. “సినిమా డాన్సా అండీ?” అంటారు. కాదంటే “కూచిపూడా?” అంటారు. నలుపు తెలుపు సినిమాల్లో క్లబ్బు సీను వచ్చినప్పుడు కోటు వేసుకున్న ఆయన, బుట్ట చేతుల జాకెట్టు తొడుక్కున్న ఆవిడ చేతులు పట్టుకుని హాలంతా తిరుగుతారే, అదండీ అని చెబితే అర్థమవుతుంది. అర్థమయ్యాక నన్ను చూసే చూపు కొంచెం మారుతుంది. దానికీ అలవాటు పడ్డాను.

విశాఖలో డిగ్రీ చదివేటప్పుడు, నేవీలో రిటైరైన ఒక దంపతుల దగ్గర సరదాకి నేర్చుకున్న విద్య ఇది. పెళ్లయి తాడేపల్లిగూడెం వచ్చాక మళ్లీ దీని అవసరం పడుతుందనుకోలేదు. ఏలూరులో పాత సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్లు కొందరు ఒక సంఘంగా చేరి, నెలకోసారి తెర కట్టి సినిమా వేసుకునేవారు. ఆ ఏడు వాళ్లకి ఒక కోరిక పుట్టింది. ఒక సాయంత్రం అందరూ ఆ కాలం బట్టలు వేసుకుని, జంటలు జంటలుగా స్టేజీ ఎక్కి వాల్ట్జ్ చెయ్యాలి. ఎవరో నా పేరు చెప్పారు. మా పాపకి అప్పుడు ఏడాదిన్నర. చల్లగాలి తగిలితే చాలు, ఆయాసం వచ్చేది. దాన్ని మా అత్తయ్య గారికి అప్పగించి పాసింజరు బండెక్కేదాన్ని. క్లాసు జరుగుతున్నంతసేపూ ఒక చెవి టేప్‌రికార్డరు మీద, ఒక చెవి నా సెల్‌ఫోను మీద ఉండేవి.

వాల్ట్జ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మూడు లెక్కల తాళం. మొదట నేర్పేది బాక్స్ స్టెప్, అంటే నేల మీద పాదాలతో చదరం గీసినట్టు ముందుకి, పక్కకి, వెనక్కి వెయ్యడం. మగవాడు నడిపిస్తాడు, దాన్ని లీడ్ అంటాం. ఆయన ఎడమ పాదం ముందుకి వస్తే ఆవిడ కుడి పాదం వెనక్కి వెళ్తుంది. చేతులూ భుజాలూ పట్టుకుని నిలబడే తీరు ఫ్రేమ్. అది సడలితే జంట విడిపోయినట్టే. ఆట అయిపోయాక మగవాడు ఆవిడకి నడుము వంచి నమస్కరించాలి. దాన్ని బౌ అంటాం.

చెప్పడానికి ఇంతే. నేర్పడం మొదలుపెట్టాక తెలిసింది. మొదటి రోజు మగవాళ్లంతా ఒక గోడకి, ఆడవాళ్లంతా ఇంకో గోడకి ఆనుకుని, పెళ్లిలో రెండో బంతి కోసం చూస్తున్నట్టు నిలబడ్డారు. జంటలుగా రండి అంటే, పాతికేళ్లు కాపురం చేసినవాళ్లు కూడా మధ్యలో ట్రాక్టరు పట్టేంత ఎడం ఉంచి చేతులు చాచారు. ఇదంతా నేను ఊహించిందే. ఊహించనిది సూర్యారావు గారు, అనసూయమ్మ గారు.

వాళ్లది పెదవేగి దగ్గర పామాయిల్ తోట. సూర్యారావు గారికి అరవైకి దగ్గర. బ్రిల్‌క్రీము రాసి వెనక్కి దువ్విన జుట్టు, వెడల్పాటి ప్యాంటు. ఇంటి నిండా పాత సినిమాల డిస్కులే అని ఆయనే చెప్పారు. వచ్చిన రోజే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“నాకు అడుగులన్నీ వచ్చండీ మేడమ్. డిస్కు చూసి ఎప్పుడో పట్టేశాను. మీరు మా ఆవిడకి నేర్పండి చాలు. తనే కొంచెం మందం.”

“ఒక్కసారి వరసలో నిలబడి వేసి చూపించండి,” అన్నాను.

“వచ్చినవాణ్ణి మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెడతారేంటండీ.”

వయసులో పెద్దాయన, పైగా సంఘంలో ముఖ్యుడు. వదిలేశాను. అనసూయమ్మ గారు ఆడవాళ్ల వరసలో నిలబడి శ్రద్ధగా నేర్చుకున్నారు. మనిషి సన్నగా, నెమ్మదిగా ఉంటారు కానీ పాదం తేలిక. ఆవిడకి అడుగులు వచ్చాయనుకున్నాక ఇద్దరినీ జంటగా నిలబెట్టి టేప్ పెట్టాను. వన్, టూ అనేలోపు అనసూయమ్మ గారు మాయమయ్యారు.

చూస్తే కిందకి వంగి ఉన్నారు. భర్త పాదం తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుని, లేచి మళ్లీ చేతులు చాచారు.

“ఏమైందండీ?”

“కాలు తగిలిందమ్మా.”

మనలో ఎవరికైనా కాలు తగిలితే ముట్టుకుని కళ్లకద్దుకుంటాం కదా. నాకూ ఆ అలవాటుంది. కానీ వాల్ట్జ్‌లో అది పెట్టుకుంటే ఇంకేం చేస్తాం. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ మాయం. వెనక వస్తున్న జంట వీళ్ల మీద పడింది. టేప్ ఆపాను.

ఆ తర్వాత నా క్లాసులన్నీ దీంతోనే గడిచాయి. “డాన్సులో తగిలితే దోషం లేదండీ,” అన్నాను. అలాగేనమ్మా అన్నారు, మళ్లీ వంగారు. “మనసులో అనుకోండి, చాలు,” అన్నాను. మనసులో అనుకోవడానికి కూడా ఆగిపోయారు. కళ్లు మూసుకుని, నడిహాల్లో. ఇక విసుగొచ్చి, “పోనీ, ఎన్నిసార్లు తగిలినా సరే, ఆట అయిపోయాక అన్నిటికీ కలిపి ఒకేసారి పెట్టేసుకోండి,” అన్నాను.

ఆవిడ నిజంగానే ఆలోచించారు. “లెక్క మర్చిపోతానమ్మా,” అన్నారు.

ఇంతలో ఫోను. పాప పాలు కక్కేసిందని అత్తయ్య గారు. ఒంట్లో వేడి ఉందా అని నేను, లేదులే నువ్వు కంగారు పడకు అని ఆవిడ. ఆ కంగారు అణుచుకుని తిరిగి వస్తే సూర్యారావు గారు హాలు మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నారు.

“చూశారా మేడమ్, ఎంత చెప్పినా అంతే. వాళ్ల పుట్టింట్లో అందరికీ మొండితనమే.”

“మా పుట్టింటి ఊసెందుకండీ ఇప్పుడు,” అన్నారు అనసూయమ్మ గారు, పైట సర్దుకుంటూ.

స్టేజీ ఎక్కే సాయంత్రం ఇంకో వారం ఉందనగా ఆయన నన్ను పక్కకి పిలిచారు. పక్కకి అన్నమాటే గానీ హాలంతా వినబడింది.

“ఇహ లాభం లేదండీ. స్టేజీ మీద అంతమంది ముందు ఇలా వంగి లేస్తుంటే నవ్వుతారు. తనని ముందు వరసలో కూర్చోబెట్టేద్దాం. మీరు నాతో చెయ్యండి.”

అనసూయమ్మ గారు వెళ్లి గోడ పక్క కుర్చీలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నారు. నేను దగ్గరికి వెళ్లాను.

“మీకు చెయ్యాలని ఉందా, లేదా? నిజం చెప్పండి,” అని అడిగాను.

“ఆయన ముచ్చటేననుకుని వచ్చానమ్మా మొదట,” అన్నారు. తర్వాత, “బుట్ట చేతుల జాకెట్టు కుట్టించుకున్నాను. మా అమ్మ తొడుక్కునేది అలాంటిది. పోనీలే, పెట్టెలో ఉంటుంది. ఎక్కడికి పోతుంది.”

నాకు ఒళ్లు మండింది. ఆయన మీదా, ఆవిడ ఓర్పు మీదా, తాడేపల్లిగూడెం నుంచి ఇంత దూరం వచ్చి ఈ పంచాయితీ తీరుస్తున్న నా మీదా. సరే, ఒక్క రౌండు ఆయనతో వేసి, మీకు నాతో కుదరదండీ అని ఏదో ఒక వంక పెడదామనుకున్నాను. టేప్ పెట్టించి చేతులు చాచాను. మొదటి లెక్కకే ఆయన పాదం నా ఎడమ బొటనవేలి మీద పడింది. తోటలో తిరిగే మనిషి, బరువు తక్కువేం కాదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“చూసుకోవాలి మేడమ్,” అన్నారాయన.

ఆ నొప్పిలోనే బుర్ర పనిచేసింది. ఎడమ కాలు. నేను కుడి పాదం వెనక్కి తీశాను. ఎడమది ఉన్నచోటే ఉంది, ఉండాలి కూడా. దాని మీదకి రావాలంటే ఆయన కుడి పాదంతో మొదలుపెట్టి ఉండాలి. ఇంకోసారి వేద్దామన్నాను. ఈసారి కిందకి చూస్తూ వేశాను. కుడి పాదమే.

“మీరు ఎడమతో మొదలుపెట్టాలండీ.”

“లేదండీ. సినిమాలో అతను ఇదే పాదం వేస్తాడు. వందసార్లు చూశాను.”

సంఘం వాళ్ల టీవీ, డిస్కు ప్లేయరు ఆ హాల్లోనే ఉండేవి. ఆయన సంచిలో డిస్కు ఎప్పుడూ ఉంటుంది. పెట్టించాను. తెర మీద కోటాయన మనవైపు తిరిగి నిలబడ్డాడు, పాదం కదిపాడు. తెరకి కుడి వైపున్న పాదం.

“అదిగో,” అన్నారు సూర్యారావు గారు, తన కుడి పాదం చూపిస్తూ.

“ఇప్పుడు మీరు టీవీకి వీపు పెట్టి, అతను ఎటు చూస్తున్నాడో అటు చూస్తూ నిలబడండి. అతని పాదం ఉన్న వైపు మీ పాదం ఏది?”

ఆయన తిరిగి నిలబడ్డారు. మెడ తిప్పి తెర చూశారు, కిందకి తన పాదాలు చూసుకున్నారు, మళ్లీ తెర చూశారు. సంవత్సరాల తరబడి అద్దంలో బొమ్మని చూసినట్టు చూసి నేర్చుకున్నారు పాపం. హాల్లో ఎవరో దగ్గారు.

నా చూపు మాత్రం గోడ పక్క కుర్చీ మీదకి పోయింది. వెళ్లి, “ఏదీ, మీ ఎడమ పాదం చూపించండి,” అన్నాను. వద్దన్నారు. చీర అంచు కాస్త జరిపాను. పసుపు పట్టించి ఉంది. మెట్టె ఉన్న వేలు వాచి, ఆ మెట్టె వేలిలోకి దిగిపోయి, గోరు నల్లబడి ఉంది. కుడి పాదానికి ఏమీ లేదు.

“ఆయనే తొక్కుతున్నారని మీకు తెలుసా?”

“తొక్కించుకునేదాన్ని నాకు తెలియదటమ్మా.”

“మరి మీరెందుకు దణ్ణం పెడుతున్నారు?”

“ఎవరిది ఎవరికి తగిలితే ఏం? తగిలింది కదా. ఆయన ఎలాగూ పెట్టరు. ఎవరో ఒకరు పెట్టాలి కదా.”

సూర్యారావు గారు నా వెనకే వచ్చి నిలబడ్డారు. ఆ వేలు చూశారు. “చెప్పొద్దూ,” అన్నారు, గొంతు తగ్గించి. “చెబితే మానేస్తారు కదండీ,” అన్నారావిడ. ఆయన వెళ్లి మగవాళ్ల వరసలో, వెనకగా, నిలబడ్డారు.

ఆ వారం రోజూ ఆయన చేత ఎడమ పాదం వేయించడానికి నేను పడ్డ పాట్లు ఏం చెప్పను. మామూలుగా నాకు రెండు రోజులే. మిగతా రోజులు కూడా బండెక్కి వచ్చాను. ఇంట్లో అత్తయ్య గారు మొహం ముడుచుకున్నారు. ఎడమ అంటే కుడి వేస్తారు, కాదంటే రెండూ ఆపేస్తారు. “పాత అలవాటండీ,” అంటారు. “డిస్కు చూడకండి,” అని బతిమాలాను. చూడనన్నారు. మర్నాడు అడుగులో తెలిసిపోయింది చూశారని. అనసూయమ్మ గారు వాచిన వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చారు. తగిలినప్పుడల్లా వంగుతూనే ఉన్నారు, కానీ రోజురోజుకీ తక్కువసార్లు. బౌ మాత్రం ఆయన ఒక్కరోజూ చెయ్యలేదు. “అది అక్కర్లేదండీ మేడమ్, పెళ్లానికి వంగడం ఏం బావుంటుంది,” అని నవ్వి తప్పించుకునేవారు. అప్పటికే నా ఓపిక అయిపోయింది. పోతే పోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరూ స్టేజీ ఎక్కారు. బుట్ట చేతుల జాకెట్టు ఆవిడకి ఎంత బాగుందో. నేను స్టేజీ పక్కన తెర పట్టుకుని, ఆయన పాదాల మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడ్డాను. ఎడమ. మళ్లీ ఎడమ. పాట సగం దాటాక ఒకచోట తడబడి కుడి వేశారు. తగిలింది. అనసూయమ్మ గారి భుజం కిందకి జారడం చూశాను. కానీ ఆయన ఫ్రేమ్ వదల్లేదు. వీపు మీద చెయ్యి గట్టిగా పట్టి ఆవిణ్ణి వంగనివ్వలేదు. ఏదో గొణిగారు. ఆవిడ నిలబడ్డారు, అడుగు కలిపారు. పాట అయిపోయింది.

మిగతా మగవాళ్లు నేను నేర్పినట్టు కాస్త నడుము వంచి బౌ చేశారు. సూర్యారావు గారు కాసేపు ఊరికే నిలబడ్డారు. తర్వాత వంగారు. నేను నేర్పినదానికన్నా బాగా కిందకి వంగారు, చేతివేళ్లు ఆవిడ చీర కుచ్చిళ్ల దాకా వెళ్లాయి. “అయ్యో, ఏంటండీ ఇది,” అంటూ ఆవిడ వెనక్కి జరిగారు.

“అన్నిటికీ కలిపి,” అన్నారాయన. తెర పక్కనున్న నాకు వినబడింది.

చప్పట్లు ఆగకముందే ఆయన కిందకి దిగి కనబడినవాళ్లందరికీ చెప్పారు, మా ఆవిడకి అంతా నేనే నేర్పుకున్నానని. నేను ఆఖరి బండి అందుకోవాలి కాబట్టి గొడవ పెట్టుకోలేదు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. నాకు వచ్చు అని ఎవరు చెప్పినా సరే, ముందు నాతో ఒక రౌండు వెయ్యమంటాను. జంటలో తడబడుతున్న మనిషిని సరిదిద్దేముందు రెండో మనిషి అడుగు చూస్తాను. వంగినవాళ్లదే తప్పని అనుకోను. ఇప్పుడు మా పాపకి మూడేళ్లు దాటాయి. నా పాదాల మీద తన పాదాలు పెట్టి నిలబడి, తిప్పమంటుంది. ఈ నాలుగు ముక్కలూ అది నిద్రపోయాక, దాని ఊపిరి వింటూ రాస్తున్నవే.

మొన్న సూర్యారావు గారు ఫోను చేశారు. కొత్త డిస్కు దొరికిందట. “చాచాచా డాన్సు అండీ మేడమ్. చూసి పట్టేశాను. మా ఆవిడకి మీరు నేర్పితే చాలు.”

అనసూయమ్మ గారి కాలు ఎలా ఉందండీ అని అడిగాను.

“దానికేం, బాగానే ఉంది,” అన్నారు. “డిస్కు చూడగానే వెళ్లి బూట్లు కొనుక్కొచ్చుకుంది.”