నల్లరాతి కింద ఎర్రమట్టి

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు మా పెరట్లో బావి తవ్వారు. అప్పట్లో మేము ఈ దీవిలోనే నువెల్ ఫ్రాన్స్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. చుట్టూ చెరకు తోటలు, వారంలో నాలుగు రోజులు వాన. అయినా ఇంట్లో నీళ్ళకు కటకటే. పడిన వానంతా రాళ్ళ సందుల్లోకి దిగిపోయేది. మా అత్తా నేనూ వాగు నుంచి బిందెలు మోసేవాళ్ళం.

మా ఆయన మహేబోర్గ్ పట్నం వెళ్ళి బావులు తవ్వే మనిషిని తీసుకొచ్చాడు. ముసలివాడు, ఇక్కడి క్రియోల్ భాష తప్ప మరో మాట రాదు. పెరడంతా తిరిగి రాళ్ళు ఏరి, నాలుకతో తాకి చూశాడు. ఈ దీవి నిప్పులోంచి పుట్టిందనీ, కరిగి పారిన రాయి చల్లారి మట్టి పట్టాక, దాని మీదికి ఇంకో రాయి పారి వచ్చిందనీ, ఆ రెండింటి మధ్య మట్టి మీదే నీరు నిలుస్తుందనీ చెప్పాడు. మా అత్త పొయ్యి దగ్గర నుంచే విని, అట్టు మీద అట్టు వేసినట్టన్నమాట అంది.

రెండు నిలువుల లోతు సులువుగానే దిగారు. తర్వాత నల్లరాయి తగిలింది. పొద్దస్తమానం సమ్మెటతో కొడితే ఒక గంపెడు పెళ్ళలు కూడా వచ్చేవి కావు. మూడు వారాలకు మా ఆయన విసిగిపోయి, పూడ్చేసి గుమ్మడిపాదు పెట్టుకుందామన్నాడు.

"నా మోకాళ్ళు ఇంక వాగుదాకా నడవవు," అంది అత్త. "రాయికి మాత్రం అడుగుండదా?"

మళ్ళీ దిగారు. నేనూ అత్తా పైన తాడు లాగేవాళ్ళం. ఒక మధ్యాహ్నం సమ్మెట చప్పుడు మారింది, కుండ మీద తట్టినట్టు. తర్వాత వచ్చిన గంపలో ఇటుక పొడిలాంటి ఎర్రమట్టి ఉంది. ఆ తర్వాతి గంపలో మట్టి ముద్దగా ఉంది. మర్నాడు పొద్దున్న కింద నుంచి ముసలాయన "ఎనా దిలో" అన్నాడు. నీళ్ళున్నాయని.

ఆయన పైకి రాగానే అత్త చీర గోచీ బిగించి గంపలో కూర్చుంది. మా ఆయన వద్దని ఎంత బతిమాలినా లేవలేదు. తవ్వమన్నది తనే కాబట్టి మొదట కాళ్ళు తడిపేదీ తనేనంది. ముగ్గురం మెల్లగా దింపాం. తాడు వదులైంది. నాకు భయం వేసింది.

"అత్తా, ఎలాగుంది?"

"చల్లగుంది పిల్లా. ఆతాన్, అప్పుడే లాగకండి."

ఆతాన్ అంటే ఆగమని. ఆగమంది కదా అని ఆగాం. నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు, నవ్వు, ఆ వెనక వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు పాట. మాటలు సగం మరిచిపోయింది, అయినా ఆపలేదు. పైకి వచ్చేసరికి మోకాళ్ళ దాకా ఎర్రగా, పారాణి పెట్టుకున్న పెళ్ళికూతురిలా ఉంది. ముసలాయన టోపీ తీసి వంగి దండం పెట్టాడు.

నీరు తేటపడడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు నేను పెరట్లో కూర్చుని తలంటుకున్నాను. ఒక బిందె అయ్యాక ఇంకొకటి. అత్త తోడి పోస్తూనే ఉంది.