గిటారులో తేజాబు

దశరథ ముప్పై ఏళ్లుగా ఎల్బీ నగర్‌లో లారీలకు, బస్సులకు రేడియేటర్లు అతుకుతున్నాడు. నల్లగొండ జిల్లా పల్లె నుంచి పద్దెనిమిదేళ్లప్పుడు వచ్చి నేర్చుకున్నది ఈ ఒక్క పనే. తాను వేసిన టాంకా, అంటే టంకం అతుకు, కారిందని ఎవరూ తిరిగి రాలేదని చెప్పుకుంటాడు. పక్క షెడ్ల వాళ్లు కూడా కాదనరు.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు డిపోలు దాటలేదు. రోడ్డు మీద లారీలు పలచబడ్డాయి. షెడ్డుకు రేడియేటర్ వచ్చి పది రోజులైంది. దశరథ ఉండే ఇంటి పై పోర్షన్‌లో కిరాయికుండే రామమోహనరావు గిటారు పట్టుకుని మెట్లు దిగింది అప్పుడే.

ఆయనది గుడివాడ. పాటల ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. సమ్మె మొదలైన వారం మెట్ల దగ్గర తెలంగాణ మాటొచ్చి ఇద్దరికీ మాటామాటా పెరిగింది. అప్పటి నుంచి ఎదురుపడితే తల ఊపుకోవడమే. కానీ గిటారులో వైరు ఊడింది, బాగుచేసే దుకాణం తెరవడం లేదు, బొగ్గు లేక కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. దశరథకు కరెంటుతో పని లేదు. కిరోసిన్ బ్లోల్యాంపు మీద రాగి మొన కాల్చి అతుకుతాడు.

"మీకు టంకం వచ్చు కదండీ, కాస్త చూడండి" అన్నాడు రామమోహనరావు.

దశరథ తనకు తెలిసినట్టే చేశాడు. రేడియేటర్ ఇత్తడికి టాంకా పట్టాలంటే ముందు తేజాబు, అంటే యాసిడ్, పూయాలి. మడ్డి కరిగి లోహం తేలుతుంది. అదే చుక్క గిటారులో వాల్యూమ్ తిప్పే బిళ్ల వీపు మీద, వెంట్రుకంత వైర్ల కొసల మీద వేశాడు. ముందు అదే వైరు ముక్క ఒకటి కోసి బల్ల మీద అట్లాగే అతికి సరిచూసుకున్నాడు కూడా. టాంకా అద్దంలా మెరిసింది. గిటారు పలికింది.

మూడో రోజు మధ్యాహ్నం బల్ల తుడుస్తుంటే ఆ ముక్క చేతికి తగిలింది. అతుకు చుట్టూ పచ్చగా పొడి పట్టింది. వేలితో తాకగానే వైరు పుటుక్కున విరిగింది. రేడియేటర్‌ను అతికాక తేజాబు పోయేలా నీళ్లతో కడుగుతారు. గిటారును ఎవరూ కడగలేదు.

ఆ సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్ దుర్గమ్మ మండపంలో ప్రోగ్రాం. రామమోహనరావు పొద్దున్నే స్కూటర్ మీద వెళ్లిపోయాడు.

"ఏందయ్యా, మొకం గట్లయింది?" అంది భార్య సైదమ్మ.

"సార్ గిటార్ల తేజాబ్ పోసిన."

"లారీ అనుకున్నవా దాన్ని?"

"స్టేజి మీద ఆగిపోతే కావాల్నని చేసిండంటడు."

"అనడా మరి? మెట్ల కాడ నువ్వన్న మాటలు నేనినలేదా?"

ఫోన్ చేసి చెప్పవచ్చు. చెప్పలేదు. వెళ్లి, ఏదో వంకతో విప్పి, ఎవరికీ తెలియకుండా సరిచేసి రావాలనుకున్నాడు. సంచి సర్దుకుని నడక మొదలుపెట్టాడు. ఆటోలు కూడా లేవు.

కొత్తపేట దాటేదాకా ఎవరూ ఆపలేదు. చైతన్యపురి దగ్గర పోలీసుల ఇనుప కంచె అడ్డం ఉంది. పక్కన వ్యాన్‌లో అప్పటికే పదిమంది కుర్రాళ్లను కూర్చోబెట్టారు. సైదులు అనే కానిస్టేబుల్ సంచి తెరిచాడు. రాగి మొన కడ్డీ, బ్లోల్యాంపు, వాటి కింద ఒక సీసా.

"గిదేంది కాకా?"

"తేజాబ్."

సైదులు సీసాను దూరంగా పట్టుకున్నాడు. పనికి బయల్దేరితే సంచిలో ఆ సీసా వేసుకోవడం దశరథకు ముప్పై ఏళ్ల అలవాటు. ఈరోజు దానితో పని లేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

ఎస్సై దగ్గరికొచ్చాడు. "ఎవరి మీద పోద్దామని?"

"గిటార్ బాగుజెయ్యనీకె పోతున్న సార్."

"గిటారుకి యాసిడా? కాలేజీలో నేనూ వాయించానయ్యా. వ్యానెక్కు."

"గా గిటార్ సార్‌కు ఫోన్ చెయ్యుండ్రి. ఆయన జెప్తడు."

ఎస్సై దశరథ ఫోన్ తీసుకుని నంబరు కలిపించాడు. స్పీకర్ పెట్టి, "నువ్వే మాట్లాడు" అన్నాడు.

"సార్, దశరథను."

"చెప్పండి, సౌండ్ చెక్‌లో ఉన్నాం."



"మీ గిటార్ల తేజాబ్ పోసిన సార్."



"ఏం పోశారు?"

"రేడియేటర్‌కు పోసేది. తెల్వక పోసిన. వైరును తింటది. ఇయ్యాల్నే చూసిన. మళ్ల టాంకా ఏద్దామని ఒస్తుంటే పోలీసోళ్లు ఆపిండ్రు."

ఎస్సై ఫోన్ దగ్గరకు లాక్కున్నాడు. "ఇతను మీకు తెలుసా?"

వ్యాన్‌లో కుర్రాళ్లు కూడా చెవులు రిక్కించారు.

"తెలుసండీ. మా కింద పోర్షన్. మూడు రోజులుగా బాగానే వాయించుకుంటున్నాను, ఇప్పుడు చెప్తున్నాడు. పంపించండి. చేసినవాడే విప్పాలి కదా దాన్ని."

ఎస్సై సీసా ఉంచుకుని, సైదులును వెంట పంపాడు.

దారిలో రేడియో మెకానిక్ షాపు షటర్ సగం దించి ఉంది. యూనిఫాం చూసి లోపలి మనిషి పైకెత్తాడు. దశరథ జరిగింది చెప్పి, ఆయనిచ్చిన గుగ్గిలం లాంటి రోజిన్ గడ్డ, సన్నని టంకం తీగ, జానెడు వైరు, చిన్న సీసాలో స్పిరిట్ తీసుకున్నాడు.

"తేజాబేసినవా? గింత సన్నం పనికి రోజినే. బిళ్లను మూడు లెక్కపెట్టే వరకే కాల్చు. ఎక్కువైతే లోపలి పూత మాడ్తది" అన్నాడు మెకానిక్.

మండపం చేరేసరికి అయిదుంబావు. రామమోహనరావు గిటారు చేతికిచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బట్ట పందిరి కింద మంట వద్దని ప్రహరీ గోడ వారకు పోయారు. మూత విప్పితే లోపల పచ్చపొడి కనిపించింది. దశరథ తేజాబు తినేసిన వైర్లు కోసేశాడు. బిళ్ల వీపును స్పిరిట్‌తో తుడిచి, ఆకురాయితో గీకాడు.

రాగి మొన కాలింది. రోజిన్‌కు తాకిస్తే పొగ లేచింది. ఒకటి, రెండు, మూడు. టంకం పారింది కానీ చల్లారేలోపు వైరు కదిలింది. అతుకు బూడిదరంగుకు తిరిగింది. లాగితే ఊడొచ్చింది.

"ఊడొచ్చింది గద కాకా" అన్నాడు సైదులు.

"నువ్వు జర అవుతలికి జరుగు."

మళ్లీ కాల్చాడు. ఈసారి ఒకటి ఎక్కువే లెక్కపెట్టాడు. మొన తీశాక ఊపిరి కూడా బిగబట్టి వైరును అట్లాగే పట్టుకున్నాడు. మెరుపు గడ్డకట్టి నిలిచింది. మిగతా రెండు అతుకులు త్వరగానే పడ్డాయి.

ఆరు కావస్తుండగా తీగ మీటితే శబ్దం శుభ్రంగా వచ్చింది. వాల్యూమ్ తిప్పితే మాత్రం గరగరమంది. బిళ్ల లోపల కొంత మాడింది.

"ఫుల్ మీదనే ఉంచుండ్రి సార్, తిప్పకుండ్రి" అన్నాడు దశరథ. "రేపు కొత్త బిళ్ల తెస్త. నేనెయ్య, గా రేడియో ఆయనతోని ఏపిస్త."

స్టేజి మీద నుంచి రామమోహనరావును పిలుస్తున్నారు. ఆయన పట్టీ భుజానికి తగిలించుకున్నాడు.

"ఆయనెవరో నాకు తెలీదు. మీరే వెయ్యండి. ఈసారి నేను పక్కనే కూర్చుంటా" అని మెట్లెక్కాడు.