అరువు గ్రైండర్లు

మురుంగపాక్కంలో చెంగమ్మ పిండి తెలియని ఇల్లు లేదు. ఇడ్లీకైనా దోసెకైనా ఆవిడ రుబ్బిందే కావాలి. మిల్లులో పనిచేసే మొగుడు పోయిన నాటి నుంచి ఆ పిండే ఇంటిని నడుపుతోంది. ఉన్నది ఒకటే గ్రైండరు. వేడెక్కిందంటే మొరాయిస్తుంది. చల్లారేదాకా చెంగమ్మ పక్కనే కూర్చుని దాన్ని తిడుతుంది.

మూలకుళంలో ఒక క్యాంటీను వాళ్ళు రోజూ పిండి కొంటామన్నారు. పెద్ద గ్రైండరు లేనిదే అంత పిండి అయ్యే పని కాదు. ఆడవాళ్ళు వ్యాపారం పెంచుకోవడానికి సర్కారు డబ్బిస్తోందని, తిరిగి కట్టక్కర్లేదని విని చెంగమ్మ అర్జీ పెట్టింది.

ఆఫీసరు చూడటానికి వస్తుందని కబురు రాగానే ఆవిడకు చలిజ్వరం వచ్చినంత పనైంది.

"ఈ డొక్కుదాన్ని చూస్తే నవ్వి పోతుందక్కా. ఇదీ ఒక వ్యాపారమా అంటుంది" అంది పక్కింటి జయలక్ష్మమ్మతో.

"దానికేందే అంత దిగులు? పెండ్లిచూపులకు మనం చేసేది లేదా? అట్టా సర్దుదాం పట్టు!"

పెళ్ళిచూపులంటే ఆ వీధిలో అంతే మరి. ఒకరింటి సోఫా, ఇంకొకరింటి ఫ్యాను, చూసేవాళ్ళు వెళ్ళాక ఎవరివి వాళ్ళకు. అలాగే తెల్లారేసరికి చెంగమ్మ వసారాలో మూడు గ్రైండర్లు తళతళలాడుతూ నిలబడ్డాయి. ఆవిడ సొంతది మాత్రం స్నానాల గదిలోకి చేరింది. అరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అన్నారా? భయపడ్డవాళ్ళకు అవేవీ గుర్తుండవు.

వచ్చినమ్మాయి పేరు లక్ష్మీదుర్గ, యానాం నుంచి బదిలీ మీద వచ్చింది. అరవంలో మాట్లాడాల్సి వస్తుందనుకున్న చెంగమ్మకు తెలుగు వినగానే కాస్త ఊపిరాడింది. ఆ పిల్ల గ్రైండర్లకు ఫోటోలు తీసి, అక్కడికక్కడే ఫోనులోంచి ఆఫీసుకు పంపింది.

"బాగానే నడుపుతున్నారండీ! కానీ ఇది చిన్న వ్యాపారాలకండీ. మూడున్నవాళ్ళకి నాలుగోది ఇవ్వరు."

చెంగమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. జయలక్ష్మమ్మ వెనకనుంచి గిల్లింది, నోరు మెదపొద్దని. నోరు మూసుకుంటే క్యాంటీను పోతుంది. తెరిస్తే ఏమవుతుందో!

"అవి నావి గాదమ్మా" అంది చివరికి. "వీధిలో అడిగి తెచ్చినా. నాది లోపలుంది."

లక్ష్మీదుర్గ ముఖంలో నవ్వు పోయింది. లోపలికెళ్ళి ఆ పాత గ్రైండర్ని చూసి వచ్చింది.

"ఎంత పని చేశారండీ! దీన్ని చూపిస్తే చాలు, డబ్బు వచ్చేసేది. ఫోటోలు పైకి వెళ్ళిపోయాయి, వెనక్కి రావు. మీవంటే డబ్బు రాదు. అరువువంటే మోసం చేశారంటారు. ఏం రాయమంటారు?"

చెంగమ్మ చేతులు జోడించింది.

"నిజమే రాయమ్మా. మోసం చేసిందని మాత్రం రాయొద్దు. భయపడింది, అందుకే అట్టా చేసిందని రాయి."

"అలా రాయడానికి ఈ ఫారంలో చోటు లేదండీ" అంది ఆ పిల్ల మెల్లగా. కాసేపు తలవంచుకుని ఫోనులో ఏదో కొట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఏం రాసిందో చెంగమ్మకు ఇంతవరకూ తెలియదు. గుమ్మం ముందు ఎవరి బండి ఆగినా, పోలీసులేమోనని పిండి చేతులతోనే లోపలికి పోయి తలుపేసుకుంటోంది.